అమ్రాబాద్ అడవిలో జాడ తీయడం: నేలను చూసి జంతువును గుర్తుపట్టే పద్ధతి

అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో పొద్దంతా తిరిగినా పెద్దపులి కనపడకపోవడమే మామూలు. రిజర్వు విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు, అందులో కోర్ (నడిమి రక్షిత) ప్రాంతమే 2,166. కృష్ణకు ఉత్తరాన ఉన్న ఈ నల్లమల భాగం ఒకప్పుడు నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వులో కలిసి ఉండేది. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక అమ్రాబాద్ పేరుతో వేరైంది. ఎక్కువ భాగం నాగర్‌కర్నూల్ జిల్లాలో, కొంత నల్లగొండ జిల్లాలో దేవరకొండ, చందంపేట వైపు ఉంటుంది. ఇంత అడవిలో జంతువు ఎదురుపడటం అదృష్టం మీద ఆధారపడ్డ సంగతి. అది నడిచిన అడుగు, గీరిన చెట్టు, తవ్విన పుట్ట మాత్రం దాదాపు ప్రతి పొద్దున దొరుకుతాయి. వాటిని చదవడం నేర్చుకున్నవారికి ఖాళీ చేతులతో తిరిగొచ్చే రోజు అరుదు.

అటవీశాఖ వాలంటీర్లుగా వెళ్లేవారికి, వన్యప్రాణి శాస్త్రం చదివే విద్యార్థులకు, సఫారీలో నేలను కూడా చూడాలనుకునేవారికి ఇక్కడ రాసింది పనికొస్తుంది.

ముందు అనుమతి, ఆ తర్వాతే అడవి

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు అడవి మధ్యగుండా పోతుంది కాబట్టి బండి ఆపి నాలుగడుగులు లోపలికి వేస్తే తప్పేముందని చాలామంది అనుకుంటారు. అది నేరం, ప్రమాదం కూడా. మన్ననూర్ చెక్‌పోస్టు దాటాక రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలు ఆపేస్తారు. కాబట్టి పొద్దున్నే పని మొదలు పెట్టాలంటే ముందురోజు సాయంత్రానికే మన్ననూర్ చేరి ఉండాలి.

సందర్శకులకు ఫరహాబాద్ సఫారీ బాట ఉంది. కాలినడకన జాడ తీసే పని మాత్రం అటవీశాఖ సిబ్బంది వెంట ఉంటేనే చేయాలి. చెంచు ట్రాకర్ తోడు దొరికితే ఆయన వెనకే నడవండి, ముందు నడవకండి. మీరు ముందుంటే, ఆయన చూడాల్సిన అడుగు మీద మీ బూటు పడుతుంది. ఆయన ఆగితే ఆగండి, చెయ్యి ఎత్తితే నోరు మూయండి. అనుమానం వస్తే అక్కడే అడగకుండా కొంత దూరం పోయాక అడగండి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా వానలకు కోర్‌లో పర్యాటకం మూసేస్తారు. జాడలకు మంచి కాలం డిసెంబరు నుంచి మే దాకా. అయితే ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాలి బాటలు కప్పుకుపోతాయి, అడుగులు దొరకడం కష్టం. ఏప్రిల్, మేలో నీళ్లు తగ్గి జంతువులన్నీ కొద్దిపాటి కుంటలకు చేరతాయి కాబట్టి ఒకేచోట ఎన్నో జాడలు దొరుకుతాయి. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర జరిగే రోజుల్లో ఆ బాటల మీద జాడ కోసం వెతకడం వృథా, వేల పాదాలు అన్నిటినీ చెరిపేస్తాయి.

వెంట తీసుకెళ్లాల్సినవి

15 సెం.మీ. స్కేలు, 3 మీటర్ల టేపు, పెన్సిలు (పెన్ను సిరా చెమటకు, మంచుకు చెదిరిపోతుంది), గట్టి అట్ట నోటుబుక్కు, చిన్న టార్చి, రబ్బరు చేతొడుగులు. మనిషికి కనీసం 3 లీటర్ల నీళ్లు, ఎండాకాలంలో 4. నీళ్లు స్టీలు సీసాల్లో తెచ్చుకోండి, ప్లాస్టిక్ కవర్లు ఇంట్లోనే వదిలి రండి. ఆకుపచ్చ, ఖాకీ, మట్టి రంగు బట్టలు వేసుకోండి. సెంటు, అత్తరు వద్దు. వాసనకు పెద్ద తేనెటీగలు రేగితే పరిగెత్తడం తప్ప వేరే దారి ఉండదు. ప్యాంటు అంచులు సాక్సులోకి దూర్చుకుంటే పిడుదులు కొంత తగ్గుతాయి. బీడీ, సిగరెట్, అగ్గిపెట్టె అసలు తేవద్దు. ఫిబ్రవరి నుంచి బోదగడ్డి ఎంత ఎండిపోతుందంటే ఒక్క నిప్పురవ్వ ఒక గుట్టనంతా తినేస్తుంది.

జాడ నిలిచే నేల ఎక్కడుంటుంది

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. నల్లమల నేల చాలాచోట్ల రాయి, గులకరాయి. దాని మీద పులి నడిచినా గుర్తు పడదు. బాట పొడవునా తల వంచుకుని నేల చూస్తూ పోతే మెడ నొప్పి పుడుతుంది, జాడ దొరకదు. అందుకని మొదట జాడ పట్టే నేలను వెతకాలి, తర్వాత ఆ నేల మీద జాడను వెతకాలి.

అన్నిటికంటే మంచిది బండ్ల బాట మీద పిండిలాంటి దుమ్ము. ఒక సెంటీమీటరు మందం ఉంటే చాలు, పంజా మెత్తల అంచులు కూడా పడతాయి. పులి, చిరుత రెండూ రాత్రిపూట పొదల్లోకంటే బాట మీద నడవడానికే ఇష్టపడతాయి. అందుకే సఫారీ బాటే మంచి పలక. నిప్పు పాకకుండా ఆకులూడ్చి చేసిన ఫైర్ లైన్లు అంతకంటే మేలు, అక్కడ మనుషుల అడుగులు తక్కువ. ఆ తర్వాత వాగు ఒడ్డున తడి ఇసుక, చెలిమల చుట్టూ మట్టి, ఎండాకాలంలో ట్యాంకరుతో నింపే సాసర్ పిట్ల (లోతు తక్కువ నీటి తొట్ల) అంచులు. రెండు వాగులు కలిసేచోట, రెండు బాటలు కలిసేచోట కచ్చితంగా ఆగి చూడండి. జంతువులు గుర్తులు వదిలేది ఎక్కువగా అలాంటి కూడళ్లలోనే.

తెల్లవారి సూర్యుడు కాస్త పైకి వచ్చాక, 6.30 నుంచి 9 లోపు చూడండి. ఏటవాలు వెలుగులో అడుగు లోతు నీడలా తేలుతుంది. పది దాటితే వెలుగు నెత్తిమీద నుంచి పడి అదే అడుగు కంటికి ఆనదు. సూర్యుడికి ఎదురుగా నడవండి, అంటే జాడ మీకూ సూర్యుడికీ మధ్య ఉండాలి. గంటకు 2 కిలోమీటర్లకు మించి నడిస్తే చూడటం మానేసి నడవడమే చేస్తున్నారని అర్థం.

పంజా ఎవరిది

మొదటి ప్రశ్న: పిల్లి జాతా, కుక్క జాతా? పిల్లి జాతి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది కాబట్టి నాలుగు వేళ్ల గుర్తులే పడతాయి, గోరు గుర్తు పడదు. మడమ మెత్త పెద్దది, వెనక అంచున మూడు తమ్మెలు ఉంటాయి. వేళ్లు కొంచెం ఒక పక్కకు ఒరిగినట్టుంటాయి. కుక్క జాతిలో వేళ్ల ముందు గోళ్ల చుక్కలు పడతాయి, అడుగు కోలగా ఉంటుంది, రెండు పక్కలా ఒకే తీరు. ఇంకో గుర్తు: కుక్క అడుగులో మడమకూ వేళ్లకూ మధ్య ఖాళీల గుండా ఇంటూ గుర్తు గీయవచ్చు. పిల్లి అడుగులో గీస్తే గీత మడమ మెత్త మీదికి ఎక్కుతుంది.

పిల్లి జాతి అని తేలాక వెడల్పు కొలవండి. ఎదిగిన పెద్దపులిది సుమారు 11 నుంచి 15 సెం.మీ., చిరుతపులిది 7 నుంచి 9, అడవిపిల్లిది 4 చుట్టుపక్కల. 9కి, 11కి నడుమ పడితే తొందరపడకండి. అది పులిపిల్ల కావచ్చు, పెద్ద మగచిరుత కావచ్చు. పులిపిల్ల అయితే దగ్గర్లోనే తల్లి అడుగు ఉండాలి, ఇరవై మీటర్లు అటూ ఇటూ వెతకండి. అసలు తల్లీపిల్లల అడుగులే అయితే అక్కడ ఎక్కువసేపు నిలబడకూడదు. ఒక్క ఫోటో తీసుకుని వచ్చిన దారినే వెనక్కి మళ్లండి.

పులి మామూలుగా నడిచేటప్పుడు వెనక కాలు ముందు కాలు వేసిన చోటుకు దగ్గర్లో, కొన్నిసార్లు దాని మీదే పడుతుంది. రెండు ముద్రలు కలిసి ఒక పెద్ద పంజాలా కనిపిస్తాయి. వాటిని కలిపి కొలిచి 18 సెంటీమీటర్ల పులి అని చెప్పుకునేవారు ఎక్కువ. అడుగులో ఐదో ఆరో వేళ్లు లెక్కకొస్తే అవి రెండు ముద్రలని అర్థం. బురదలో, పొడి ఇసుకలో అడుగు పరుచుకుని అసలుకంటే పెద్దదవుతుంది. పరిగెత్తినా వేళ్లు విచ్చుకుంటాయి. అందుకే కొలతకు గట్టి నేల మీది పలుచని దుమ్ములో, నిదానంగా నడిచిన అడుగునే ఎంచుకోవాలి.

చెంచు పెంటల (గూడేల) దగ్గర, అడవి అంచు ఊళ్ల దగ్గర కుక్క అడుగే చిరుతగా పుకారవుతుంది. దుమ్ము పలుచగా ఉంటే కుక్క గోళ్లు పడకపోవచ్చు. ఒక్క అడుగుతో తేల్చకుండా వరసగా పది అడుగులు చూడండి, ఏదో ఒకదానిలో గోరు దొరుకుతుంది. రేచుకుక్కదీ కుక్క అడుగులాంటిదే. కానీ ఒంటరిగా పోదు, ఒకే దిశగా నాలుగైదు జతల అడుగులు కలిసి కనిపిస్తాయి.

ఎలుగుబంటి అడుగును ఒకసారి గుర్తుపడితే మళ్లీ పొరపాటు పడరు. ఐదు వేళ్లూ దాదాపు ఒకే వరసలో ఉంటాయి, ముందు కాలికైతే వాటికి బాగా ముందుగా పొడుగాటి గోళ్ల గుంటలు. వెనక కాలి ముద్ర మనిషి ఉత్తకాలి అడుగులా ఉంటుంది. తేడా వేళ్లలోనే: మనిషికి లోపలి వైపు బొటనవేలు పెద్దది, ఎలుగుకు అన్నీ ఇంచుమించు సమానం.

గిట్టలు

చుక్కల దుప్పి గిట్ట 4–5 సెం.మీ., ముందు మొన తేలి ఉంటుంది. సాంబార్ అని కూడా అనే కణుజుది 6–8, గుండ్రం, లోతు ఎక్కువ. మనుబోతు (నీల్‌గాయ్) గిట్టా ఇంచుమించు అంతే. అది రాళ్ల గుట్టలకంటే చందంపేట వైపు పలుచని చిట్టడవిలో, పొలాల అంచున ఎక్కువగా తిరుగుతుంది. నాలుగు కొమ్ములుండే కొండగొర్రెది 3–4. రెండు సెంటీమీటర్లు కూడా లేని గిట్ట కనిపిస్తే మూషిక జింకది, అది దొరకడం గొప్పే. అడవిపందికి గిట్ట వెనక రెండు పక్కలా చంద్రవంకల్లాంటి చిన్న గిట్టల గుర్తులు బయటికి పడతాయి. బురదలో జింకకూ అవి పడవచ్చు గానీ నేరుగా వెనక పడతాయి, పక్కకు కాదు.

మేకల విషయంలో జాగ్రత్త. బఫర్ (కోర్ చుట్టూ ఉండే) ప్రాంతంలో మేక గిట్టకూ దుప్పి గిట్టకూ, పెంటికలకూ తేడా చెప్పడం అనుభవం ఉన్నవారికీ కష్టమే. దగ్గర్లో చెప్పు ముద్రలు, కర్ర గుచ్చిన గుంటలు, కొట్టి వంచిన కొమ్మలు ఉంటే కాపరి వచ్చి వెళ్లాడని అర్థం. అప్పుడు అక్కడి గిట్టలను లెక్కలోకి తీసుకోకండి.

కొలవడం, ఫోటో తీయడం

1. అడుగును తాకకండి, మీద పడ్డ ఆకును కూడా తీయకండి. ఆకు ఉన్నట్టుగా ఒక ఫోటో తీశాకే తీయాలి. ఆ ఆకు అడుగు కిందుందా, మీదుందా అన్నది కాలాన్ని చెబుతుంది.

2. అడుగు పక్కన స్కేలు నేలకు ఆనించి పెట్టండి. స్కేలు లేకపోతే నాణెం పెట్టండి, చెయ్యి పెట్టకండి. ఎవరి చెయ్యి ఎంతో ఫోటో చూసేవారికి తెలియదు.

3. ఫోన్‌ను సరిగ్గా నిట్టనిలువుగా పైనుంచి పట్టండి. ఏటవాలుగా తీస్తే కొలత తప్పుతుంది, ఆ ఫోటో దేనికీ పనికిరాదు. మీ నీడ అడుగు మీద పడకుండా నిలబడండి. వెలుగు తక్కువగా ఉంటే టార్చిని నేలకు ఆనించి పక్కనుంచి వెయ్యండి.

4. మొత్తం అడుగు పొడవు, వెడల్పు, మడమ మెత్త వెడల్పు రాసుకోండి. వరసగా కనీసం మూడు వెనక కాలి అడుగులు కొలవండి.

5. ఆఖరున దిశ. ఎటు నుంచి ఎటు పోయింది, ఎక్కడ బాట వదిలింది.

పంజా కొలతలతో పులుల సంఖ్య చెప్పడం ఇప్పుడు ఆమోదించిన పద్ధతి కాదు. రాజస్థాన్‌లోని సరిస్కాలో పులులే లేకుండా పోయాయని 2005లో బయటపడ్డాక ఆ లెక్కల మీద నమ్మకం పోయింది. 2006 నుంచి నాలుగేళ్లకోసారి జరిగే జాతీయ గణనలో పులులను కెమెరా ట్రాపుల్లో (జంతువు ఎదుటికొస్తే తనంతట తానే ఫోటో తీసే కెమెరాల్లో) చారలను బట్టి గుర్తిస్తున్నారు. పులికి రెండు పక్కల చారలు ఒకేలా ఉండవు కాబట్టి బాటకు రెండు వైపులా కెమెరాలు పెడతారు. అయినా ఎక్కడ కెమెరా కట్టాలో చెప్పేది నేల మీది జాడే. బీట్ సిబ్బంది గణనప్పుడు 5 కిలోమీటర్లు తగ్గని బాటల మీద నడిచి మాంసాహారుల జాడలన్నీ ఎం-స్ట్రైప్స్ యాప్‌లో నమోదు చేస్తారు. బాట పక్క చెట్టుకు ఇలాంటి కెమెరా పెట్టె కట్టి కనిపిస్తే దాన్ని ముట్టుకోకుండా దాటిపోండి.

ఎప్పటి అడుగు

పాఠాలు చదివితే రాని విద్య ఇది, అలవాటు మీదే వస్తుంది. అలవాటు చేసుకోవడానికి ఒక సులువైన పద్ధతి: పులి అడుగు పక్కన అదే దుమ్ములో మీ బూటును ఒక్కసారి గట్టిగా నొక్కండి, టైం రాసుకోండి. సాయంత్రం అదే దారిన వస్తే మీ ముద్ర ఎంత అరిగిందో చూడండి. ఎనిమిది గంటల అరుగుదల ఎలా ఉంటుందో కంటికి తెలుస్తుంది. వారం రోజులు ఇలా చేస్తే మిగతాది అదే వస్తుంది.

తాజా అడుగు అంచులు కత్తితో కోసినట్టుంటాయి. గాలికి, ఎండకు అంచు రాలి లోపల దుమ్ము చేరుతుంది. అడుగు మీదుగా పురుగులు పాకిన సన్నని గీతలుంటే, పురుగులు తిరిగే రాత్రి వేళకంటే ముందే జంతువు నడిచిందని అర్థం. గీతలను తొక్కుతూ అడుగు పడితే తెల్లవారుజామున పోయింది. చలికాలంలో మంచు బొట్లు దుమ్ము మీద చిన్న గుంటలు చేస్తాయి. అడుగు లోపల కూడా గుంటలుంటే మంచుకు ముందుది, లేకపోతే తర్వాతిది. నిన్న సాయంత్రం చివరి సఫారీ జీపు ఎన్నింటికి పోయిందో డ్రైవరును అడిగి ఉంచుకోండి. టైరు అచ్చు మీద అడుగు పడిందా, అడుగు మీద టైరు పడిందా అన్నది అన్నిటికంటే గట్టి సాక్ష్యం.

మలం, గీతలు, పుట్టలు

పులి, చిరుత మలంలో వెంట్రుకలు, ఎముక ముక్కలు ఉంటాయి. చిరుతది మెలికలు తిరిగి ఎక్కువ కణుపులతో ఉంటుంది, పులిది లావు, కణుపులు దూరం దూరం. పరిమాణాలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి కాబట్టి పక్కన అడుగు లేకుండా మలం ఒక్కటే చూసి పేరు పెట్టకండి, ‘పెద్ద పిల్లి జాతి’ అని రాసుకోండి చాలు. తాజాది నల్లగా, జిగటగా మెరుస్తుంది. పాతబడే కొద్దీ ఎముకల సున్నం తేలి తెల్లబడుతుంది. చేత్తో ముట్టవద్దు, మాంసాహారుల మలంలోని బద్దెపురుగుల గుడ్లు మనిషికి రోగం తెస్తాయి. పుల్లతో విప్పి చూసి వెంట్రుక రంగు గమనించి ఉన్నచోటే వదిలేయండి. అది ఆ జంతువు తన హద్దు చెప్పుకునే గుర్తు, తీసేసే హక్కు మనకు లేదు.

పులి వెనక కాళ్లతో నేలను గీరి రెండు సమాంతర చారికలు చేస్తుంది, చివర మట్టి కుప్పగా ఉంటుంది. మద్ది, మోదుగ లాంటి చెట్ల మొదళ్ల మీద తోక ఎత్తి చిమ్మిన గుర్తు కంటికి ఆనకపోయినా ముక్కుకు తెలుస్తుంది: బాసుమతి బియ్యం వండినట్టు వాసన. రెండింటిలోనూ ఒకే వాసన పదార్థం ఉంది. గాలి ఎటు వీస్తుందో చూసుకుని చెట్టు మొదలు దగ్గర వంగి వాసన చూడాలి.

ఎలుగు మలం ఒక కుప్ప. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు, తర్వాత తునికి, సారపండ్ల గింజలు అరగకుండా కనిపిస్తాయి, మిగతా కాలంలో చెదపురుగుల తలలు మెరుస్తాయి. పుట్టకు మూర లోతు కన్నం తవ్వి ఉంటే దానిదే. తేనె కోసం ఎక్కిన చెట్టు మీద గోళ్ల గాట్లు జతలు జతలుగా కింద నుంచి పై దాకా పోతాయి. పులి గీరిన గాట్లు ఒకేచోట, మనిషి ఎత్తుకు అటూ ఇటుగా, పైనుంచి కిందికి సాగుతాయి. కొండగొర్రె, మనుబోతు ఒకేచోట పదేపదే పెంటికలు వేస్తాయి. కొత్తవీ పాతవీ కలిసిన కుప్ప దొరికితే జంతువు అక్కడికి మళ్లీ వస్తుందని రాసుకోవచ్చు.

సగం తిన్న కళేబరం కనిపిస్తే మాత్రం ఏ పరిశీలనా వద్దు. ఆకులు కప్పి ఉంటే, నెత్తురు ఇంకా తడిగా ఉంటే, వేటాడింది పది గజాల్లో పడుకుని ఉండవచ్చు. మాట్లాడకుండా వెనక్కి రండి.

చెవి పెట్టాల్సిన పిలుపులు

నేల చూస్తున్నప్పుడే చెవి పైన ఉండాలి. కొండముచ్చు చెట్టు కొన నుంచి ‘ఖొక్, ఖొక్’ అని ఆగకుండా అంటే కింద ఏదో ఉంది, అది చూసే వైపే మీరూ చూడండి. దుప్పి కీచుగా అరుస్తుంది గానీ తొందరపాటు జంతువు, కుక్కకూ అరుస్తుంది. కణుజు మోగించే బిగ్గరైన ‘ఢాంక్’ను నమ్మవచ్చు. అది పదేపదే, ఒకేచోట నుంచి వస్తే పులిగానీ చిరుతగానీ దగ్గర్లో ఉందనే అర్థం. ఆ వైపు నడవకండి. ఉన్నచోటే పావుగంట ఆగితే పిలుపు ఎటు జరుగుతుందో తెలుస్తుంది, జంతువు పోయే దారి అదే.

ఎలుగు ఎదురైతే

ఈ అడవిలో కాలినడక మనిషి పులికంటే ఎక్కువగా భయపడాల్సింది ఎలుగుకే. దానికి చూపు తక్కువ. పుట్టలో మూతి పెట్టి ఉన్నప్పుడు మన చప్పుడు వినదు, దగ్గరికొచ్చాక ఉలిక్కిపడి మీద పడుతుంది. గుహల దగ్గర, పొదల మలుపుల్లో, తెల్లవారుజామున ఇప్పచెట్ల కింద దూరం నుంచే మామూలు గొంతుతో మాట్లాడుకుంటూ పోండి. మిగతా చోట్ల నిశ్శబ్దం, ఇక్కడ మాత్రం చప్పుడు. ఎదురైతే పరిగెత్తకండి, వీపు చూపకండి, అందరూ ఒకచోట చేరి మెల్లగా వెనక్కి జరగండి. పులి ఎదురైనా ఇంతే, పైగా కూర్చోకండి, వంగకండి. వంగిన మనిషి దాని కంటికి వేటలా కనిపిస్తాడు.

రాసుకోవడం, చెప్పడం

ప్రతి జాడకు తేదీ, టైం, చోటు, నేల రకం, కొలతలు, ఎంత పాతది, ఎంత నమ్మకం. ఆ చివరిది చాలామంది రాయరు. ‘కచ్చితం’, ‘కావచ్చు’, ‘తెలియదు’ అని మూడు మాటల్లో ఒకటి తప్పక రాయండి. ‘తెలియదు’ అని రాసిన పేజీలున్న పుస్తకాన్నే అటవీ అధికారులు ఎక్కువగా నమ్ముతారు. ఇంటికెళ్లాక రాద్దామనుకోకండి, మూడో జాడ చూసేసరికి మొదటిదాని కొలత మరిచిపోతారు.

పులి అడుగు ఫోటోను చోటు పేరుతో, మ్యాపు గుర్తుతో వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో పెట్టకండి. వేటగాళ్లకు అంతకంటే మంచి ఆచూకీ దొరకదు. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆపేసి, జీపీఎస్ అంకెలు నోటుబుక్కులో మాత్రమే ఉంచండి. ఫోటో పెట్టాలనిపిస్తే నెల రోజులు ఆగి, ‘నల్లమల’ అని మాత్రమే రాయండి.

నీటి కుంటల బాటల్లో, పొలం అంచు కంచెల్లో సన్నని తీగ ఉచ్చు కనిపించవచ్చు. బైకు క్లచ్ వైరుతో చేసినవే ఎక్కువ, మోకాలి ఎత్తున పొదకు కట్టి ఉంటాయి. దాన్ని మీరు విప్పకండి, దగ్గర్లో కరెంటు తీగ కలిపి ఉండే ప్రమాదమూ ఉంది, కేసుకు సాక్ష్యమూ పోతుంది. రెండు ఫోటోలు తీసి, చోటు రాసుకుని, అదే రోజు చీకటి పడకముందే బీట్ ఆఫీసరుకు చెప్పండి. ఒక ఉచ్చు ఉందంటే చుట్టూ వంద మీటర్లలో ఇంకా ఉంటాయి. సిబ్బంది వచ్చేదాకా ఆ బాటలో ఎవరినీ నడవనివ్వకండి.